ఆ వడ్రంగి చేత పని చేయించు

తమ్ముడూ,

నీ కథ చదివాను. వాక్యం బాగుంది. కానీ చదువుతుంటే ఒళ్లు మండింది, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

స్వీడన్‌లోని స్మోలాండ్ నుంచి చికాగో వచ్చిన వడ్రంగి కథ అన్నావు. కథంతా అతను కిటికీ దగ్గర నిలబడి మంచును చూసి ఏడుస్తూనే ఉన్నాడు. ఒక్కచోటైనా రంపం పట్టాడా? మరి కూలి డబ్బులెవరిచ్చారు? పైగా 1872లో అతన్ని ఎల్లిస్ ఐలాండ్‌లో, అంటే న్యూయార్క్ రేవులో వలసవచ్చేవాళ్లను తనిఖీ చేసే కేంద్రంలో, దింపావు. అది తెరిచిందే 1892లో. అప్పట్లో న్యూయార్క్‌లో దిగేవాళ్లకి ఆ పనికి కాజిల్ గార్డెన్ అనే కేంద్రం ఉండేది. సరే, అది దిద్దుకుంటే పోయే తప్పు.

స్వీడన్‌లో అతను దుంగల చివర్లు గొడ్డలితో చెక్కి, మూలల్లో ఒకదాన్నొకటి పట్టుకునేలా కూర్చి ఇళ్లు లేపినవాడు. చికాగోలో పనే వేరు. మిల్లులో కోసిన సన్నటి చెక్కలు, వాటికి మేకులు, అంతే. 1871లో ఊరు తగలబడ్డాక పనికి కొదవ లేదు, అతని విద్యకే గిరాకీ లేదు. ఆ బాధ ఎక్కడ రాశావు?

పెట్టెలో తెచ్చుకున్న కొలబద్దనైనా బయటికి తీయించాల్సింది. స్వీడన్ అడుగు 29.7 సెంటీమీటర్లు, అమెరికా అడుగు 30.48. ఆ బద్దతో పదడుగులు కొలిచి కోస్తే చెక్క దాదాపు 8 సెంటీమీటర్లు పొట్టి. మొదటిరోజే, మేస్త్రీ చూస్తుండగా అది పైకి అందకపోతే? భాష రాదు, చెప్పుకోలేడు. ఆ ఒక్క పేజీ రాయి, నీ మంచూ కన్నీళ్లూ దాని ముందు దిగదుడుపే.

ఈ కన్నీళ్ల మోజు నీది కాదులే, మా ఎడిటర్లు అంటించిన జబ్బు. చీరాల నేతగాడి మీద నేను కథ రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు పడుగు అతికే భాగమంతా కొట్టేసి, "ఇదెవరు చదువుతారండీ, కాస్త సెంటిమెంటు పెంచండి" అన్నాడు. ఇంటద్దె బాకీ ఉన్నా కథ వెనక్కి తెచ్చేసుకున్నాను. మా ఆవిడ చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన పేరు వింటే నాకు ఇప్పటికీ బీపీయే.

ఇంటికి రాసిన ఉత్తరంలో కూలి రేటు గొప్పగా చెప్పి, చేతిలో మేకు దిగిన సంగతి దాచాడు చూడు, అక్కడ మాత్రం నా గొంతు పట్టేసింది. అయితే ఆ మేకు ఎలా దిగిందో నువ్వూ దాచేశావు!

నువ్వుండేది చికాగో శివార్లలోనే కదా. అక్కడ ఇప్పటికీ చెక్క చట్రాల ఇళ్లే ఎక్కువ. ఎక్కడైనా కడుతుంటే వెళ్లి పనివాళ్లతో మాట్లాడు. చికాగోలోనే ఆండర్సన్‌విల్ అనే పేటలో స్వీడిష్ అమెరికన్ మ్యూజియం ఉంది, అదీ చూసిరా. పోటీకి పంపడం సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు