బాస్కెట్‌బాల్: పోస్ట్‌లో (బుట్టకు దగ్గరి చోట) బంతి అందినా పోతుంటే

అసలు కారణం బంతి అందగానే దాన్ని నడుము దాకా దించడమే అయ్యుంటుంది. మీ అమ్మాయి 6 అడుగుల 2 అంగుళాలు ఉండి కూడా అమెరికాలో కాలేజీ మ్యాచ్‌లలో బంతి పోగొట్టుకుంటోందని, రెండో క్వార్టర్‌కే మూడు ఫౌల్స్‌తో బెంచ్ మీద కూర్చుంటోందని రాశారు. ఎత్తుగా ఉన్నవాళ్లు బంతి దించితే ఆ ఎత్తంతా వృథా. పొట్టి గార్డులు (బుట్టకు దూరంగా ఆడేవాళ్లు) సరిగ్గా అక్కడే చెయ్యి పెడతారు.

1. బంతి రాకముందే మోకాళ్లు వంచి, కాళ్లు ఎడంగా పెట్టి డిఫెండర్‌ను వీపు వెనకే ఉంచాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనేలా చిన్న గెంతుతో బంతి అందుకోవాలి. అప్పుడే ఏ కాలినైనా పివట్‌గా, అంటే నేల మీద ఆనించి దాని చుట్టూ తిరిగే కాలుగా, వాడుకోవచ్చు. వెంటనే బంతి గడ్డం కిందికి, మోచేతులు బయటికి. డ్రిబుల్ వద్దు. ముందుగా, భుజం మీదుగా బేస్‌లైన్ (బుట్ట వెనక గీత) వైపు చూడాలి. డిఫెండర్ ఏ పక్క ఆనుకుందో తెలిశాక రెండో పక్కకు డ్రాప్ స్టెప్, అంటే ఆ పక్క కాలిని వెనక్కి, బుట్ట వైపు వేసి తిరగడం. ఈ చూపుకు క్షణం చాలు, కానీ టెన్షన్‌లో మొదట మర్చిపోయేది దీన్నే. మూడు సెకన్ల రూల్ (బుట్ట ముందున్న గీతల లోపల అంతకు మించి నిలబడకూడదు) భయం ఉంటే ఆ గీత బయట, బ్లాక్ (గీత మీద బుట్ట పక్కనుండే గుర్తు) దగ్గరే నిలబడమనండి.

3. రోజూ మైకాన్ డ్రిల్, అంటే బుట్ట కింద నిలబడి ఒకసారి కుడి పక్క నుంచి, ఒకసారి ఎడమ పక్క నుంచి మార్చి మార్చి బంతి వేయడం. ఎడమ చేతికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

4. డిఫెన్స్‌లో చేతులు నిటారుగా పైకే ఉండాలి, కిందికి కొడితే ఫౌలే. అయిదోదానికి మ్యాచ్ నుంచి అవుట్.

కోచ్‌ను మ్యాచ్ వీడియో అడగండి. బంతి అందిన ప్రతిసారీ ఆపి, అది గడ్డం దగ్గరుందో నడుము దగ్గరుందో ఇద్దరూ కలిసి చూడండి.