సమాధానం: పాత టర్నర్లకు సీఎన్‌సీ ఎలా నేర్పించాలి?

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మీ షెడ్డుకి సీఎన్‌సీ మెషిన్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషిన్ వచ్చింది, లేత్ మీద పనిచేసే ఆరుగురు టర్నర్లనీ ట్రైనింగ్‌కి పంపితే పని ఆగిపోతుందనే కదండీ మీ టెన్షన్. అందరినీ ఒకేసారి పంపకండి. పక్క యూనిట్లు రెండు మూడు కలుపుకొని, తలా ఇద్దరితో ఒక బ్యాచ్ చేసి దగ్గర్లోని ఐటీఐ ప్రిన్సిపాల్‌ని కలవండి. క్లాసు సాయంత్రం, ప్రాక్టీసు మీ మెషిన్ మీదే పెట్టమనండి.

టూల్ ఎంత లోతు కోస్తే జాబ్ పాడవదో మీ పాత టర్నర్ల చేతికే తెలుసు. నేర్పాల్సింది జీ కోడ్ (టూల్ ఎలా కదలాలో చెప్పేది), ఎం కోడ్ (స్పిండిల్, కూలెంట్ లాంటివి ఆన్, ఆఫ్ చేసేది), టూల్ ఆఫ్‌సెట్లు (ఒక్కో టూల్ కొలత తేడాని మెషిన్‌కి చెప్పడం). అప్రెంటిస్ పథకం కొత్తవాళ్లకండీ, దాని వెంట తిరగకండి. పాతవాళ్లకి ఆర్‌పీఎల్ ఉంది, అంటే ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు.

క్లాసు గంటలకి కూలీ మాత్రం కోయకండి, రెండో వారానికి ఎవరూ రారు! నేర్చుకొని విశాఖ వెళ్లిపోతారన్న భయముంటే, పని నేర్చుకోగానే జీతం పెంచండి.