కారు బ్రేకు డిస్కులు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తాయి?

ప్రశ్న అడిగినవారిది చిత్తూరు. కారు 48 వేలు తిరిగిందట. సర్వీసు సెంటరులో ముందు చక్రాల డిస్కులు రెండూ మార్చాలన్నారట. ఇంత తొందరగా అరుగుతాయా అని వారి అనుమానం. అరుగుతాయి. అరగకపోనూవచ్చు. మా కారు తొలి జత 43 వేలకే పోయింది. అదే కారుకు, అదే ఊళ్ళో, రెండో జత 61 వేలు తిరిగి ఇంకా పనిచేస్తోంది. ఈ తేడాలో సగం మా బావగారిది, సగం నాది.

ముందు నా గోడు వినండి. తిరుపతిలో సొంత ఇల్లు, ఇంటి ముందు కారు ఉన్నవాడికి చుట్టాల కొరత ఉండదు. దర్శనం టికెట్లు వాళ్ళే తీసుకుంటారు, గది వాళ్ళే చూసుకుంటారు, కారు మాత్రం మనది. 'పైకి వదిలిపెట్టి వస్తే చాలు, ఒక్క అరగంటే కదా' అంటారు. పిల్లల సెలవుల్లో నెలకు నాలుగైదుసార్లు కొండ ఎక్కి దిగిన సందర్భాలున్నాయి. ఎక్కేటప్పుడు ఇంజిను మూలుగుతుంది కాబట్టి కారులో ఉన్నవాళ్ళందరికీ దాని మీద జాలి. దిగేటప్పుడు అంత చప్పుడు ఉండదు. అద్దాలు దించుకుని, లడ్డూ తుంచుకు తింటూ, చల్లగాలి బాగుందనుకుంటారు. బ్రేకుల పని మొదలయ్యేది అప్పుడే.

2019 మే నెలలో మా అక్క, బావగారు, ఇద్దరు పిల్లలు హైదరాబాదు నుంచి వచ్చారు. దర్శనం అయ్యేసరికి తెల్లవారింది. రాత్రంతా క్యూలో నిలబడ్డ నా మొహం చూసి బావగారు, 'నువ్వు వెనక కూర్చుని ఒక కునుకు తియ్యి, నేను నడుపుతాను' అని తాళాలు తీసుకున్నారు. ఆయనది ఆటోమేటిక్ కారు. గేర్లు వేయడం మరచిపోయి చాలా ఏళ్ళయింది. టోల్ గేటు దాటి నాలుగు మలుపులు తిరిగామో లేదో, కారు న్యూట్రల్‌లోకి వచ్చేసింది.

'బావగారూ, సెకండ్ గేరులో దిగితే మంచిదండీ' అన్నాను.

'దిగుడులో గేరెందుకు, పెట్రోలు దండగ' అన్నారు.

దండగ ఏమీ లేదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి దిగుతుంటే ఇంజినుకు పెట్రోలు సరఫరా పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజినును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తేనే అది ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు కావాలి. అంటే పొదుపు అనుకుని చేసే పనే ఖర్చు. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను, ఈ ఒక్క విషయం మాత్రం మా ఇంట్లో ఎవరికీ ఎక్కించలేకపోయాను. ఆ రోజు గట్టిగా చెప్పి ఉండవలసింది. కానీ ఇంటి అల్లుడు. అక్క పక్కనే కూర్చుని ఉంది. నోరు మూసుకున్నాను.

లెక్క చూడండి. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఐదుగురు మనుషులతో కలిపి కారు 1,300 కిలోలు అనుకుంటే, అంత ఎత్తు నుంచి దిగేసరికి రెండు యూనిట్ల కరెంటుకు పైగా శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. అది 30 లీటర్ల నీళ్ళు మరిగించడానికి చాలు. ఇంటిల్లిపాది స్నానాలకూ వేణ్ణీళ్ళు కాచినంత. గాలి, టైర్ల రాపిడి కలిసి కొంత తినేస్తాయి. గేరులో ఉంటే ఇంజిను ఇంకొంత తీసుకుంటుంది. న్యూట్రల్‌లో ఉంటే మిగిలినదంతా బ్రేకులకే, అందులోనూ ఎక్కువ భాగం ముందు చక్రాల్లో ఉన్న రెండు పోత ఇనుప బిళ్ళలకే, అంటే డిస్కులకే. దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. పాత దారిలో ఒకదాని వెంట ఒకటి మెలికలే. బావగారు ప్రతి మెలికకూ బ్రేకు తొక్కుతున్నారు, మెలికకూ మెలికకూ మధ్య కూడా కాలు దాని మీద నుంచి తీయడం లేదు.

ఏడో మైలు దగ్గర వాసన మొదలైంది. 'ఎవరో టైర్లు తగలబెడుతున్నారు' అంది అక్క. నేను ఏమీ అనలేదు.

కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన ఉంది, తెలిసే ఉంటుంది. అంతకన్నా ముందు అలిపిరి చేరితే జరిమానా. ఆ నియమం పెట్టినవాళ్ళకు నమస్కారం. కానీ మనవాళ్ళు దానికీ ఉపాయం కనిపెట్టారు. పైనంతా దూకించి, కింద గేటుకు కాస్త ముందు రోడ్డు పక్కన ఆపుకుని గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. మేమూ అలాగే ఆగాము. పది నిమిషాలు మిగిలాయి. వాలు కాబట్టి, సలసల కాగుతున్న బ్రేకును బావగారు అంతసేపూ తొక్కిపట్టే ఉన్నారు. అప్పుడు దిగి చూస్తే ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. 'వేడెక్కింది, చల్లార్చాలి' అంటూ పిల్లల నీళ్ళ సీసా తీసి, చక్రం సందుల్లోంచి డిస్కు మీద పోశారు. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చుయ్యిమంది. ఆవిరి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో చక్రానికి నీళ్ళు చాలకపోతే పక్క కారువాళ్ళను అడిగి మరీ పోశారు.

వారం తరవాత రేణిగుంట రోడ్డులో 60 మీద వెళుతూ బ్రేకు తొక్కితే స్టీరింగు వణికింది, పాదం కింద కప్ప ఎగిరినట్టు పెడల్ కొట్టుకుంది.

సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాను. పేరు అనవసరం. చక్రం ఊడదీయకుండానే అక్కడి అబ్బాయి, 'ఘాట్‌లో తిరిగే బండి కదా సార్, డిస్కులు, ప్యాడ్లు, కాలిపర్ కిట్టు అన్నీ మార్చాలి' అన్నాడు. (డిస్కును అటూ ఇటూ ఒరుసుకుని ఆపేవి ప్యాడ్లు, వాటిని నొక్కేది కాలిపర్.) డిస్కు మందం ఎంత ఉందని అడిగాను. కంప్యూటర్ వైపు చూశాడు. డిస్కు చక్రంలో ఉంది, కంప్యూటర్‌లో ఏముంటుంది? కారు తీసుకుని ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

ఆయన చేసిన పని చూడవలసిందే. డిస్కు అరిగేకొద్దీ ప్యాడు తగలని అంచు మాత్రం పాత మందంతోనే మిగిలి గట్టులా నిలబడుతుంది. గోరుతో తడిమితే తెలుస్తుంది. మందం కొలిచే వర్నియర్ నేరుగా పెడితే ఆ గట్టునే కొలిచి, డిస్కు బాగుందని చెబుతుంది. మేస్త్రి జేబులోంచి రెండు రూపాయి బిళ్ళలు తీసి, డిస్కుకు అటొకటి ఇటొకటి ఆనించి, వాటి మీద వర్నియర్ బిగించారు. తరవాత బిళ్ళలు రెండూ కలిపి విడిగా కొలిచి, ఆ అంకె తీసేశారు. 16.1 మిల్లీమీటర్లు. మా కారు డిస్కు కొత్తది 17. ఎంత వరకు వాడవచ్చో డిస్కు మీదే పోతపోసి ఉంది, తుప్పు గీకితే కనబడింది: 15. అంటే కంపెనీ మనకు అరగదీసుకోమని ఇచ్చింది రెండే రెండు మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా మిగిలే ఉంది.

మరి వణుకు? హెచ్చుతగ్గులు చూపే డయల్ గేజి ఆనించి డిస్కును నెమ్మదిగా తిప్పారు. మిల్లీమీటరులో పదో వంతు కూడా కదలకూడని ముల్లు రెండు వంతులు దాటి ఊగింది. లేత్ మిషన్ మీద చదును చేయిస్తే మందం 15 దగ్గరికి వచ్చేస్తుంది, కొత్త ప్యాడ్లు సగం అరగకముందే మళ్ళీ మార్చాలి, దానికన్నా ఇప్పుడే కొత్త జత వేసుకోమన్నారు. కారణం ఏమిటంటే రెండు చెప్పారు. కాగిన డిస్కును ఒకేచోట తొక్కిపడితే ప్యాడు పదార్థం అక్కడ అంటుకుని మచ్చ కట్టి, మందం హెచ్చుతగ్గులవుతుందట. ఎర్రగా కాలినదాని మీద నీళ్ళు పడితే ఇనుము ఒంకరపోతుందట. ఏది ఎంతో ఆయన తేల్చలేదు. నేను తేల్చేశాను. నీళ్ళే.

'చివరికి డిస్కులు మార్చారుగా, సర్వీసు సెంటరువాళ్ళు చెప్పింది నిజమేగా' అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. కాలిపర్ కిట్టు మార్చలేదు, ఆ డబ్బు మిగిలింది అని నేను ఇప్పటికీ అంటాను.

అప్పటి నుంచి కొండ దిగేటప్పుడు నా కారు స్టీరింగు ఎవరికీ ఇవ్వను. అల్లుడైనా, వియ్యంకుడైనా. దిగుడంతా సెకండ్ గేరు. బ్రేకు అవసరమైనప్పుడు ఒక్కసారి గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేస్తాను. అలా వదిలిన క్షణాల్లోనే డిస్కుకు గాలి తగులుతుంది. పోయిన నెల బిళ్ళలు పెట్టి కొలిస్తే 15.9. ఆ లెక్కన ఇంకా చాలా దూరం వస్తాయి.

డిస్కుల గురించి ఇంత బెంగపడేవాళ్ళు బ్రేకు ఆయిలు గురించి అడగరు, అదొక విచిత్రం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగవచ్చు. దిగుడులో అది మరిగితే పెడల్ దూదిలా లోపలికి పోతుంది, అప్పుడు డిస్కు మందం ఎంత ఉంటే ఏం లాభం? రెండేళ్ళకోసారి మార్పించండి. కార్తీకం వానల్లో రెండు రోజులు నిలిపిన కారు డిస్కు మీద కనిపించే ఎర్రటి తుప్పుకు మాత్రం భయపడకండి. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. దానికే మా వీధిలో ఒకాయన డిస్కులు మార్పించేశారు.

ఇక మీ 48 వేల సంగతి. మామూలు రోడ్లలో 60 వేల నుంచి లక్ష దాకా రావాలి. సాధారణంగా రెండు జతల ప్యాడ్లు అరిగేదాకా ఒక జత డిస్కులు ఆగుతాయి. మీరు బెంగళూరుకు మొగిలి ఘాట్ మీదుగా తరచూ తిరుగుతారా, భాకరాపేట ఘాట్‌లో తిరుగుతారా అన్నది రాయలేదు. అది ముఖ్యం. చక్రం విప్పించి, పక్కనే నిలబడి, గట్టు వదిలి కొలిపించండి. డిస్కు మీద పోతపోసిన అంకె ఒకటి, కొలిచిన అంకె ఒకటి, తొక్కినప్పుడు వణుకు ఉందా లేదా అన్నది ఒకటి, మూడూ కింద రాయండి. మార్చాలో అక్కర్లేదో అప్పుడు చెబుతాను.