కాలేయ మార్పిడి తర్వాత మూడేళ్ల బాబు తినడం లేదు, మాట్లాడడం లేదు. ఇది మామూలేనా?

మీ అక్కగారి బాబుకు కాలేయ మార్పిడి జరిగి పదకొండు రోజులైందని, అన్నం ముట్టడం లేదని, మాస్కు పెట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు గోడవైపు తిరిగిపోతున్నాడని రాశారు. కాలేయం ఎలా ఉందో చూసే రక్తపరీక్షలో అంకెలు తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగాయని కూడా రాశారు. మాది తిరుపతి. మా పాపకు రెండున్నరేళ్ల వయసులో చెన్నైలో ఇదే ఆపరేషన్ జరిగింది. కాలేయంలో కొంత భాగం ఇచ్చింది నా భార్య. తల్లి ఒక ఐసీయూలో, బిడ్డ మరో ఐసీయూలో, నేను రెండింటి మధ్య మెట్ల మీద. మీ ఇంట్లో ఇప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను.

ముందు అంకెల సంగతి. తొలి వారాల్లో అవి పెరగడం అరుదేమీ కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ కొత్త కాలేయాన్ని పరాయిదని ఎదిరిస్తుంది. దాన్నే రిజెక్షన్ అంటారు. ఆ మాట వినగానే అంతా అయిపోయిందనుకుని నేను వరండాలోనే కూలబడ్డాను. బయాప్సీ చేసి, అంటే కాలేయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, అంకెలు దిగాయి. తొలిరోజుల రిజెక్షన్ చాలావరకు ఇలా మందులకు లొంగుతుంది. కానీ రక్తనాళంలోనో పిత్తనాళంలోనో అడ్డంకి ఏర్పడినా అంకెలు పెరుగుతాయి, రక్తం సరిగా పారుతోందా అని చూసే డాప్లర్ స్కానింగ్ పదేపదే చేసేది అందుకే. కాబట్టి మామూలేనని నేను చెప్పలేను. కారణం ఏమనుకుంటున్నారో డాక్టరును సూటిగా అడగమనండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు.

ఇక బాబు మౌనం. మా పాప తొమ్మిది రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. ఆరో రోజు వాళ్లమ్మ కుట్లు పట్టుకుని నెమ్మదిగా నడిచి వస్తే, చూసి కళ్లు మూసుకుంది. నా భార్య ఆ రాత్రంతా ఏడ్చింది. అది కోపమూ కాదు, మరచిపోవడమూ కాదు. ముక్కులో గొట్టం, మెడ దగ్గర గొట్టం, పొట్ట పక్కన సంచి, గంటకొకరు వచ్చి ఏదో ఒకటి చేసి పోవడం. తన ఒంటి మీద తన మాట చెల్లదని ఆ పసిదానికి అర్థమైపోయింది.

దారి చూపింది ఒక నర్సమ్మ. ఆమె గది అద్దానికి అవతలే నిలబడి, మాస్కు దించి, పాప చూసేదాకా నవ్వుతూ ఉండేది. తర్వాతే మాస్కు పెట్టుకుని, చేతులు శుభ్రం చేసుకుని లోపలికి వచ్చేది. బీపీ పట్టీ ఏ చేతికి వేయాలో పాపనే అడిగేది. ఒకరోజు సూది లేని సిరంజిలో నీళ్లు నింపి, కుందేలు బొమ్మకు మందు వేయమంది. పాప బొటనవేలితో నొక్కింది. నీళ్లు కుందేలు గడ్డం మీంచి దుప్పటి మీదకు కారాయి. పాప ఆ తడివైపు చాలాసేపు చూసి, "ఇంకా" అంది. ఆ గొంతు విని నేను బయటికి వెళ్లిపోయాను, నా ఏడుపు చూసి తను భయపడుతుందని.

తిండికి బలవంతం చేయవద్దు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం వెళ్తుంటే కడుపు మాడదు. మేము డైటీషియన్‌ను అడిగి పలుచని రాగిజావ చిన్న గిన్నెలో పక్కన పెట్టి ఊరుకునేవాళ్లం. మూడో రోజు తనే వేలు ముంచి నాకింది. తర్వాత స్టెరాయిడ్ల వల్ల ఆకలి ఎంత పెరిగిందంటే అర్ధరాత్రి లేచి ఇడ్లీ అడిగేది.

నేను చేసిన ఒక పొరపాటు మీరు చేయవద్దు. ఒంటి రక్షణ వ్యవస్థను అణచి రిజెక్షన్ రాకుండా చూసే టాక్రోలిమస్ మందు పన్నెండు గంటలకొకసారి వేయాలి. రక్తంలో అది ఎంత ఉందో చూసే పరీక్షకు, ఉదయం మందు వేయకముందే రక్తం ఇవ్వాలి. డిశ్చార్జి అయ్యాక ఒకరోజు తొందరలో ముందే వేసేశాను. అంకె ఎక్కువ వచ్చింది, మోతాదు తగ్గించారు, వారంలో మందు చాలక మళ్లీ కంగారు. పరీక్ష ఉన్న రోజు మందు సీసా నా చొక్కా జేబులో ఉంటుంది, సూది గుచ్చడం అయ్యాకే బయటికి తీస్తాను.

ఇంటికి వచ్చాక బంధువులతో గట్టిగా ఉండండి. మా వైపు కామెర్లంటే పసరు మందు అంటారు. మాకూ ఇద్దరు ప్రేమగా తెచ్చి ఇచ్చారు. దండం పెట్టి వద్దన్నాం. ఏ ఆకు మందు కాలేయాన్ని ఏం చేస్తుందో, టాక్రోలిమస్‌తో కలిసి ఏమవుతుందో చెప్పలేం. పంపరపనస కూడా పెట్టవద్దు, ఆ మందు స్థాయిని పెంచేస్తుంది. తిరుమలలో పాప తలనీలాల మొక్కు ఉంటే, జనసమ్మర్దం వద్దని డాక్టరు చెప్పడంతో వాయిదా వేశాం. మా అమ్మకు అది కష్టంగా తోచింది, అయినా ఒప్పుకుంది.

జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోవద్దు, ముందు ఆసుపత్రికి ఫోను చేయండి. పల్స్ పోలియో రోజున ఇంటికి వచ్చేవాళ్లకు ముందే చెప్పండి: బాబుకు చుక్కలు వేయకూడదు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే వాళ్లకు చుక్కల బదులు ఇంజెక్షన్ వేయించాలేమో డాక్టరును అడగండి.

మీ అక్కగారే దాతా? అయితే ఆమె ఎలా ఉన్నారో రాయండి. ఆమెను ఎవరు చూసుకుంటున్నారు?