చిన్నప్పుడు ఆరాధించిన ఆటగాడి మీద పెద్దయ్యాక మీ అభిప్రాయం మారిందా?

మారింది. నా హీరో జిల్ విల్నెవ్, ఫెరారీ నడిపిన కెనడా ఫార్ములా వన్ డ్రైవర్. నేను రేసులు చూడటం మొదలుపెట్టేనాటికే ఆయన లేడు. మా అన్నయ్య ఎక్కడో సంపాదించిన పాత వీడియో క్యాసెట్లలోనే పరిచయం. స్కూలు పుస్తకాల అట్టల మీద ఆయన కారు నంబరు 27 వేసుకునేవాణ్ణి.

మేం రివైండ్ చేసి మరీ చూసిన ముక్క 1979లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసు, డచ్ గ్రాండ్ ప్రీది. అక్కడి జాండ్‌వోర్ట్ ట్రాక్ మీద ఎడమ వెనక టైరు పోయి కారు గిర్రున తిరిగి ట్రాక్ బయటికి వెళ్లింది. ఇంకొకరైతే దిగిపోయేవారు. ఈయన రివర్స్ చేసి మళ్లీ ట్రాక్ ఎక్కాడు. మూడు చక్రాల మీద కారు పరుగెడుతుంటే, నాలుగోది విరిగి వెనక నేలకు రాసుకుంటూ వస్తుంటే మేం ఒకటే ఈలలు. అదే ముక్క ఈమధ్య మళ్లీ చూశాను. ఈసారి చూపంతా ఆ వేలాడే చక్రం మీదే. అది ఊడి వెనకొచ్చే వాడి మీద పడితే? ఆ కార్లలో డ్రైవర్ తల బయటే ఉంటుంది మరి.

క్యాసెట్లలో లేనిది 1977లో జపాన్‌లోని ఫూజీ ట్రాక్ మీద జరిగిన రేసు. ఫెరారీలో ఆయనకది రెండో రేసు. ఆరో ల్యాప్‌లో, స్ట్రెయిట్ చివర బ్రేకు వేసేచోట రోనీ పీటర్సన్ అనే మరో డ్రైవర్ కారును వెనక నుంచి గుద్దాడు. ఇలాంటి కార్లకు చక్రాలు బయటికే ఉంటాయి కాబట్టి, చక్రం మీదికి చక్రం ఎక్కిందా, కారు గాల్లోకి లేవాల్సిందే. ఫెరారీ అలాగే లేచి జనంలో పడింది. ఇద్దరు చనిపోయారు. విల్నెవ్‌కు పెద్ద దెబ్బలేం తగల్లేదు. వాళ్లు నిలబడింది నిషేధించిన చోటే, నిజమే. వాళ్లను అక్కడ నిలబడనిచ్చిన నిర్వాహకుల పాపం కూడా తక్కువేం కాదు. విచారణలో ఎవరినీ తప్పుపట్టలేదు. ఆయన బాధపడ్డాడు గానీ, బాధ్యత తనదని మాత్రం అనుకోలేదట. నాకు మింగుడుపడనిది అదే.

1982లో బెల్జియంలోని జోల్డర్‌లో, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లో ఆయన ప్రాణమే పోయింది. అంతకుముందు రేసులో తన జట్టులోనే ఉన్న డ్రైవర్ పిరోనీ మాట తప్పి గెలిచాడని కోపం. చివరి నిమిషాల్లో పిరోనీ టైమ్‌ను దాటాలన్న పంతంతో ఉన్నాడంటారు. అలా వస్తుంటే ముందు మరో డ్రైవర్ యోకెన్ మాస్ నెమ్మదిగా వెళ్తున్నాడు. దారి ఇద్దామని మాస్ కుడికి జరిగాడు, ఈయనా కుడికే తిప్పాడు. అభిమానులం ఏళ్ల తరబడి పిరోనీని తిట్టుకున్నాం. పాపం, పక్కకు తప్పుకోబోయిన మాస్ ఆ రోజును ఎలా మోశాడన్న ఊసే మాకు లేదు.

టాలెంట్ విషయంలో నాకిప్పటికీ రెండో మాట లేదు. 1979లో ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో మరో డ్రైవర్ రెనే ఆర్నూతో రెండో స్థానం కోసం చేసిన పోరు చూడండి. చక్రాలు తగులుతున్నా ఇద్దరూ తగ్గలేదు. (ఆ రేసు గెలిచిన జబూయ్ పేరు ఎవరికి గుర్తుంది?) అక్కడ ఆ ఇద్దరికీ ఆట తెలుసు, పక్కవాడు ఎంతవరకు వెళ్తాడో తెలుసు, ఇష్టపడే దిగారు. మా అబ్బాయికి చూపించింది డిజాన్ రేసే. జాండ్‌వోర్ట్ కూడా చూశాడు గానీ, ఫూజీ సంగతి చెప్పాకే.