తిన్నది 760, కట్టింది 1,756!

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జీతం చేతికి 58 వేలు వస్తుంది. మేం ఐదుగురం స్నేహితురాళ్లం. అందులో ఒకామె ఏడాది కిందట వీగన్‌గా (పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టని శాకాహారిగా) మారింది. అప్పట్నుంచి వారానికోసారి ఒక వీగన్, రా ఫుడ్ (వండకుండా పచ్చిగా తినేవి) రెస్టారెంట్‌కే వెళ్తున్నాం. బిల్లు సమానంగా పంచుకుంటాం. నెలకు 7 వేలు దాటుతోంది. అంతా క్రెడిట్ కార్డు మీదే. కార్డులో 48 వేల బాకీ పేరుకుంది, నెలకు 2,500 కడుతున్నాను. వెళ్లడం మానేస్తే పిసినారి అంటారేమోనని టెన్షన్. నెలకు 2 వేలతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టాలని ఉంది. ఏం చేయమంటారు? (బిల్లు ఫొటో పంపుతున్నాను.)

జవాబు: ముందు మీ బిల్లు సంగతి చూద్దాం. ఆర్డర్ మొత్తం 7,600. అందులో మీవి రెండే: 340 రూపాయల సూప్, 420 రూపాయల సలాడ్. కలిపితే 760. మిగతాదంతా జ్యూస్‌లు, జీడిపప్పు చీజ్ ప్లాటర్, రా చాక్లెట్ కేకులు. కింద 10 శాతం సర్వీస్ చార్జి వేశారు. అది కూడా సరిగ్గా 760! అంటే మీరు తిన్నంత సొమ్ము సర్వీస్ చార్జికే పోయింది. ఆ పైన 5 శాతం జీఎస్టీ 418. మొత్తం 8,778. ఐదుగురికి పంచితే మీ వాటా 1,756.

మీరు తిన్నదానికి జీఎస్టీతో కలిపి అయ్యేది 798. అంటే ప్రతిసారీ 958 రూపాయలు ఎక్కువ కట్టారు. నెలకు నాలుగుసార్లంటే 3,800 పైనే. సిప్‌కి మీరు అనుకుంటున్న 2 వేలకు ఇది దాదాపు రెట్టింపు.

‘పొయ్యే వెలిగించని తిండికి ఇంత రేటా’ అని మీ అమ్మగారు అన్నారని కూడా రాశారు. పాపం, రెస్టారెంట్ వాళ్లను మరీ తప్పు పట్టలేం. జీడిపప్పు నానబెట్టి రుబ్బితేనే ఆ చీజ్, బాదం నానబెట్టి పిండితేనే ఆ పాలు. ఆకుకూర సాయంత్రానికి వాడిపోతే పారేయాల్సిందే, వేయించి ఇంకో కూరలో కలిపేసే వీలు లేదు. దానికి తోడు ఖరీదైన ఏరియాలో అద్దె. రేటు అలా ఉండటంలో వింత లేదు. కానీ ఆ రేటుకు వేరేవాళ్లు తిన్నది మీరు కట్టడమే నాకు నచ్చలేదు.

సర్వీస్ చార్జి మాత్రం కట్టి తీరాల్సిందేం కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ‘తీసేయండి’ అని మర్యాదగా అడగండి. కుదరదంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే.

ఇక అసలు సమస్య కార్డు. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 48 వేలకు 1,680. దాని మీద 18 శాతం జీఎస్టీ 302. మీరు కట్టే 2,500లో దాదాపు 2,000 ఇక్కడే హరించుకుపోతోంది. అసలులో తగ్గేది 500. పాత బాకీ ఉండగా కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని రోజులు వర్తించవు, గీకిన రోజు నుంచే వడ్డీ. అంటే పోయిన శనివారం తిన్న సలాడ్ మీద కూడా ఈ రోజుకు వడ్డీ నడుస్తోంది!

కాబట్టి కార్డును ఇంట్లో పెట్టేయండి. ఒకటో తారీఖున 3 వేలు వేరే ఖాతాలోకి మార్చి, బయటి తిళ్లకు యూపీఐలో అందులోంచే కట్టండి. నెలకు మూడుసార్లు వెళ్లొచ్చు. అలా మిగిలే 4 వేలు, ఇప్పుడు కడుతున్న 2,500 కలిపి నెలకు 6,500 కార్డుకు కడితే తొమ్మిది నెలల్లో బాకీ తీరుతుంది. బాకీని ఈఎంఐగా మారుస్తారేమో మీ బ్యాంకును కూడా అడగండి. ఏడాదికి 18 శాతం తీసుకున్నా మొదటి నెల వడ్డీ జీఎస్టీతో కలిపి 850 దాటదు. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో మాత్రం ముందే కనుక్కోండి.

స్నేహితులకు ఎలా చెప్పాలంటారా? బిల్లు వచ్చాక చెబితే అందరికీ ఇబ్బందే. వాట్సాప్ గ్రూపులో ముందు రోజే రాసేయండి: ‘కార్డు బాకీ తీర్చుకుంటున్నానే, ఈసారి నుంచి నా బిల్లు వేరేగా కట్టుకుంటా.’ ఆ గ్రూపులో ఇంకొకరు కూడా ఈ మాట ఎవరు ముందంటారా అని చూస్తూ ఉండొచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలాసార్లు చూశాను.

ఇంకోటి. స్నేహితురాలు వీగన్ అయితే వీగన్ అని బోర్డున్న చోటికే వెళ్లాలా? నూనెతో కాల్చమంటే పెసరట్టు, అల్లం పచ్చడి ఆమె నిక్షేపంగా తినొచ్చు. నెయ్యి, పెరుగు పక్కన పెడితే మన విస్తరిలో సగానికి పైగా వీగనే. రా ఫుడే కావాలంటే నెలకోసారి మీ ఇంటికి పిలవండి. శ్రీరామనవమికి పంచే వడపప్పు పొయ్యి ఎక్కనిదే కదా. పానకం మాత్రం, బెల్లం వండిందే అని పట్టుపట్టేవాళ్లు ఒప్పుకోరు. పెసర మొలకలు, కీరా, కొబ్బరి కోరు, మామిడి తురుము, ఖర్జూరం, నాలుగు పండ్లు... ఐదుగురికి 500లో అయిపోతుంది.

సిప్ ఇప్పుడే వద్దు. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ ఫండ్‌లో 12 శాతం వస్తుందని ఆశపడటం లెక్కకు నిలవదు, ఆ 12 కూడా గ్యారంటీ కాదు. ఆ 2 వేలు కూడా కలిపి కార్డుకే కడితే ఇంకో రెండు నెలల ముందే బయటపడతారు. బాకీ తీరిన నెల నుంచి అదే మొత్తాన్ని, మూడు నెలల ఖర్చులకు సరిపడా జమయ్యేదాకా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. అది పూర్తయ్యాక సిప్ గురించి మళ్లీ రాయండి, అప్పుడు ఏ ఫండో మాట్లాడుకుందాం.