పోస్టు ఖాళీగా ఉంది సరే, జీతం ఏ పద్దు కింద?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మూడెకరాల కొబ్బరితోటే ఆధారం. మా అమ్మాయి రెండేళ్ల క్రితం సివిల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ పూర్తిచేసి, గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టుల కోసం కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దగ్గరలోని మున్సిపాలిటీలో నెలకు 18,500 రూపాయల అవుట్‌సోర్సింగ్ పోస్టు ఉందని, చేరితే తర్వాత పర్మినెంట్ అవుతుందని, లక్ష రూపాయలు ఖర్చవుతుందని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. కౌన్సిల్ తీర్మానం అయిందట. నిధులు లేక నియామకం ఆగిందట. ఈ ఉద్యోగంలో చేర్పించమంటారా, నోటిఫికేషన్ కోసం ఆగమంటారా?

జవాబు: ముందుగా ఆ లక్ష రూపాయల సంగతి. ఇవ్వకండి. రసీదు లేని సొమ్ము తిరిగి అడిగే హక్కు మీకు మిగలదు, అడిగినా పలికేవారుండరు.

ఇక అసలు విషయానికి వస్తే, ఖాళీ అనే మాటకు కార్యాలయాల్లో రెండు అర్థాలున్నాయి. మంజూరైన పోస్టులో మనిషి లేకపోవడం ఒకటి, ఆ పోస్టును నింపుకోవడానికి అనుమతి ఉండటం మరొకటి. కౌన్సిల్ తీర్మానం మనుషులు కావాలని చెప్పగలదు గాని, కొత్త పోస్టుకు ప్రభుత్వ మంజూరు, ఆర్థిక శాఖ సమ్మతి లేనిదే నియామకం జరగదు. ఖజానాకు కటకట వచ్చినప్పుడు పొదుపునకు అన్నిటికంటే తేలికైన దారి ఉన్న ఖాళీని అలాగే ఉంచి, పక్క సీటు ఉద్యోగికి ఇన్‌చార్జి బాధ్యత అప్పగించడం. అందువల్ల ఎవరి జీతమూ తగ్గదు, ఎవరూ ధర్నా చేయరు, నష్టపోయేది ఇంకా ఉద్యోగంలోకే రాని మీ అమ్మాయి వంటివారు. 2022 జనవరిలో రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచినప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది: రెండేళ్లపాటు విరమణల వల్ల రావలసిన ఖాళీలు రాలేదు.

కనుక పేపర్లో ఖాళీల సంఖ్య చూసి నిర్ణయించుకోకండి, జీతం ఏ పద్దు కింద వస్తుందో అడగండి. ఉద్యోగ సంఘాలు దశాబ్దాలుగా 010 పద్దు అని పట్టుబట్టడానికి కారణం ఇదే: ఆ పద్దు కింద ఉన్నవారి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, స్థానిక సంస్థ పెట్టెలో ఎంత ఉన్నదన్న దానితో నిమిత్తం లేదు. పంచాయతీ పెట్టె సంగతి మీకు తెలియనిది కాదు. ఇంటిపన్ను, చెరువులో చేపల లీజు, గట్టు మీది కొబ్బరిచెట్ల ఫలసాయం వేలం, సంత ఆశీలు పాట, ఇంతే. కాయ ధర పడిపోయిన ఏడాది ఫలసాయం పాటకు ఎంతమంది వస్తారో మీరే చెప్పగలరు. కేంద్రం నిధులు వచ్చాయి కదా, ఉద్యోగాలు ఎందుకివ్వరని చాలామంది నన్ను అడుగుతుంటారు. 15వ ఆర్థిక సంఘం సిఫారసుపై కేంద్రం స్థానిక సంస్థలకు 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడినవి. మిగతా 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు గాని, జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడకూడదన్నారు. గ్రాంటు పడినా నియామకం కదలకపోవడం అందుకే.

అవుట్‌సోర్సింగ్ సిబ్బంది జీతాలు చాలా మున్సిపాలిటీలలో సాధారణ నిధుల నుంచే, అంటే మున్సిపాలిటీ సొంత రాబడి నుంచే చెల్లించాలి. కిందటేడు ఒక అమ్మాయి తన పాస్‌బుక్ తెచ్చి నాకు చూపించింది: జూన్, జులై, ఆగస్టు మూడు నెలల జీతాలు సెప్టెంబరు 11న ఒకేసారి పడ్డాయి. మధ్యలో బస్సు చార్జీలకు వాళ్ల నాన్న దగ్గర అప్పు చేసిందట. ఇక పర్మినెంట్ మాట. సక్రమమైన ఎంపిక పద్ధతి లేకుండా తాత్కాలికంగా చేరినవారికి క్రమబద్ధీకరణ హక్కుగా రాదని ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ప్రభుత్వాలు కొందరిని క్రమబద్ధీకరించిన సందర్భాలు లేకపోలేదు, కానీ దాన్ని నమ్ముకుని చేరడం మంచిది కాదు.

అలాగని నోటిఫికేషన్ కోసమే కూర్చోమనీ చెప్పను. గ్రామ, వార్డు సచివాలయాలకు 2019లో లక్షా 26 వేలకు పైగా, 2020లో మరో 16 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. ఆ స్థాయిలో మళ్లీ రాలేదు. పైగా 2025లో జనాభాను బట్టి సచివాలయాలను మూడు తరగతులు చేసి, ఒక్కోదానికి 6, 7 లేదా 8 మంది సిబ్బంది చాలని నిర్ణయించారు. ఉన్నవారినే సర్దుబాటు చేసే దశలో కొత్త నియామకాలు పెద్దయెత్తున వస్తాయని నేను అనుకోవడం లేదు.

మీ అమ్మాయిని కాకినాడ నుంచి ఇంటికి రప్పించి, అమలాపురంలోనో భీమవరంలోనో పేరున్న నిర్మాణ ఇంజనీరు దగ్గర సైట్ పనిలో చేర్పించండి. మొదట్లో జీతం 18,500 కంటే తక్కువే ఉండవచ్చు. కానీ కొన్ని అడుగులకే నీరు పడే మన బంకమట్టిలో పైల్ పునాది ఎలా వేస్తారో అక్కడ కళ్లారా చూస్తుంది. అనుభవం వచ్చాక మున్సిపాలిటీకి ఇంటి ప్లాన్లు సమర్పించే లైసెన్సు పొందే వీలుంటుంది. షరతులను పట్టణ ప్రణాళిక విభాగంలో అడగండి. స్థానిక సంస్థలో ఉద్యోగం రాకపోయినా, స్థానిక సంస్థతో పని మాత్రం పుష్కలంగా ఉంటుంది. సాయంత్రాలు రాష్ట్ర ప్రభుత్వ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), కేంద్రం వారి ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) జూనియర్ ఇంజనీరు పరీక్షలకు చదవనివ్వండి. సచివాలయం పరీక్షలో సివిల్ ప్రశ్నలకూ ఆ చదువే పనికొస్తుంది. రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది కదా. పంచాయతీరాజ్, పురపాలక శాఖల నియామకాలకు ఆర్థిక శాఖ అనుమతి ఉత్తర్వు ఆ తర్వాత వెలువడితే అప్పుడు మూడు నెలలు సెలవు పెట్టించి మళ్లీ కాకినాడ పంపించండి.